ఆ గెలుపు ఎవరి మీద?

(మదనపల్లెలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యమ సభలో మాటల అర్థాల గురించి ప్రసంగమేంటని కొందరికి అనిపించొచ్చు. నేను పత్రికలో పని చేసేవాణ్ణి. రోజూ హెడ్డింగులు పెట్టేవాణ్ణి. ఏ మాట వాడితే ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో చూస్తున్నవాణ్ణి. భూమి పోయే ముందు, నీళ్ళు పోయే ముందు మాట పోతుంది. అందుకే ఈ రోజు ఒక్క మాటే తీసుకుంటున్నా. గెలుపు.

మనకు గెలుపు మాటలకు కొదవలేదు. జయం, విజయం, దిగ్విజయం సంస్కృతం నుంచి వచ్చాయి. రాజులతో పాటు తిరిగిన మాటలవి. లంకను జయించాడు, కళింగాన్ని జయించాడు అంటాం. జయించడానికి ఒక దేశం కావాలి, ఒక శత్రువు కావాలి. రాజు జయించాక అక్కడి జనం ఏమయ్యారని ఆ మాట అడగదు. గెలుపు అట్లా కాదు. అది మన ఇంటి మాట. పక్కనున్న కన్నడిగులు కూడా గెలువు అంటారు. పందెం గెలిచాడు, ఆట గెలిచాడు, కేసు గెలిచాడు అంటాం. ఎదురుగా ఇంకొకడు నిలబడితేనే గెలుపు.

ఇంకా కిందికి దిగండి. రైతు ఏమంటాడు? ఈ మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా రేటు పడిపోతే రోడ్డు మీద పారబోసిన ఏళ్ళున్నాయి. 2023 జులైలో ఇదే యార్డులో కిలో వంద రూపాయలు దాటింది. అంత రేటొచ్చినా రైతు 'జయించినా' అనడు. 'ఈ యేడు గట్టెక్కినాం' అంటాడు. కూలికి పోయే అక్క 'ఎట్లో సంసారం నెగ్గుకొస్తాండా' అంటుంది. ఈ గట్టెక్కడంలో, నెగ్గుకురావడంలో ఓడిపోయినవాడు ఎవడూ లేడు. కరువు సీమ నేర్చుకున్న గెలుపు ఇది.

మరి మన పత్రికలు, మన నాయకులు ఏ మాటలు వాడుతున్నారు? ఎన్నికలొస్తే చాలు. కంచుకోట, పాగా, జెండా పాతడం, దండయాత్ర, కైవసం. అన్నీ యుద్ధం మాటలే. కుప్పం సంగతే చూడండి. 1989 నుంచి 2024 దాకా వరసగా ఎనిమిది అసెంబ్లీ ఎన్నికల్లో అక్కడ చంద్రబాబు నాయుడు గారు గెలిచారు. అందుకని కుప్పం కంచుకోట అయింది. 2021 నవంబరులో కుప్పం మున్సిపాలిటీని వైఎస్సార్ కాంగ్రెస్ గెలిస్తే కోట బద్దలైందన్నారు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే ఊరది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన ఊరది. ఏ పార్టీ గెలిచినా నాకు పేచీ లేదు. నా ప్రశ్న ఒకటే. ఊరు కోట అయితే, ఓటు వేసిన మనం ఎవరం? గోడలో రాళ్ళమా?

పుంగనూరు సంగతి ఇంకొకటి. 2021 మార్చి మున్సిపల్ ఎన్నికల్లో అక్కడ 31 వార్డులూ ఏకగ్రీవం. నామినేషన్లు వేయనివ్వలేదని ప్రతిపక్షాలు ఆరోపించాయి. ప్రజలు మా పాలన మెచ్చారని పాలకపక్షం చెప్పుకుంది. ఏది నిజమని నేనిక్కడ తీర్పు చెప్పను. మాట సంగతే చెబుతా. ఏకగ్రీవమంటే అందరి గొంతూ ఒకటి కావడం. పోలింగే జరగని చోట ఎవరి గొంతు విన్నట్టు? దాన్ని ఒప్పందమనండి, ఊరి కట్టుబాటనండి. గెలుపు అని మాత్రం అనకండి. ఎదుటివాడు లేనిదే గెలుపు లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మన సీమ మీద ఒక మాటను నూట ఇరవై ఏళ్ళకు పైగా మోపారు. టిప్పు దగ్గర గెలుచుకున్న వాటాగా ఈ ప్రాంతం నిజాం చేతికొచ్చింది. 1800లో నిజాం దాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. ఎందుకు? వాళ్ళ సైన్యం ఖర్చు కింద! అప్పటి నుంచి మన పేరు దత్తమండలాలు. అంటే ఇచ్చేసిన జిల్లాలు. ఇచ్చినవాడొకడు, పుచ్చుకున్నవాడొకడు. మనల్ని అడిగినవాడు లేడు. మదనపల్లె కూడా అప్పుడు కడప జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు కలిపారు.

1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారి ప్రతిపాదనతో ఆ పేరు తీసేసి రాయలసీమ అని పెట్టుకున్నారు. మిత్రులారా, నా దృష్టిలో ఈ నేల మీద జరిగిన పెద్ద గెలుపుల్లో అదొకటి. ఒక్క కత్తి లేవలేదు. ఒక్క ఇల్లు కాలలేదు. ఇచ్చేసిన వస్తువు, పేరున్న మనిషిగా లేచి నిలబడింది.

పేరైతే మారింది. ఆలోచన మారిందా? 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్ళు కుప్పం చేరాయి. సంతోషం. చెరువులో నీళ్ళు చూసి మురవని సీమ మనిషి ఉండడు. కానీ హెడ్డింగులు చూడండి. నీళ్ళు వస్తే ఒక నాయకుడి విజయం. రాకపోతే ఇంకో నాయకుడి వైఫల్యం. నీళ్ళు ఎవర్ని ఓడించి వచ్చాయి? హక్కుగా రావాల్సిన దాన్ని విజయం అన్నారంటే, తెచ్చినవాడు విజేత అవుతాడు, తాగినవాడు రుణగ్రస్తుడవుతాడు. ఇది పాత దత్తమే, కొత్త చొక్కా తొడుక్కుంది. అందుకే ఉద్యమం ఎంచుకోవాల్సిన మాట 'సాధన'. సాధించుకోవడంలో చెమట మనది, ఫలమూ మనది. ఎవరి దయా కాదు, ఎవరి ఓటమీ కాదు.

మరి మనమే జై కొడుతున్నాం కదా అంటారు. కొడదాం. జై అంటే జయమే. ఈ మదనపల్లెలోనే, బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో, 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చారు. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసి పెట్టారు. అందులో పదే పదే వచ్చే జయ అనే మాట ఇక్కడే 'విక్టరీ' అయింది. ఆ పాటలో ఏ రాజు ఏ రాజును ఓడించాడు? ఎవరూ ఎవర్నీ ఓడించలేదు. ఆ జయం ప్రగల్భం కాదు, కోరిక. మన జై కూడా అట్లాంటిదే కావాలి. పక్క ప్రాంతం మనిషి మన జై విని తలుపు వేసుకోకూడదు.

విద్యార్థులకు ఒక మాట. కరపత్రం రాసేటప్పుడు విజయం అనే మాట దగ్గర ఆగండి. ఎవరి మీద అని అడగండి. జవాబులో పేదవాడో, పక్క ఊరివాడో దొరికితే ఆ మాట కొట్టేయండి. ఉద్యోగులకు ఒక మాట. మీ ఫైళ్ళలో భూసేకరణ అని రాస్తారు. పూలు ఏరినట్టుంది ఆ మాట. భూమి పోయిన రైతు పేరు, ఎకరాలు, చెల్లించిన సొమ్ము దాని పక్కనే కనబడేట్టు రాయండి.

కోర్టుకెక్కి ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు పెద్దలు. అట్లాంటి గెలుపు మనకొద్దు. రేపు మన రాష్ట్రం మనకొచ్చిన రోజున కూడా ఎవరో ఇచ్చారని చెప్పుకునే ఖర్మ పట్టకూడదు. ఎవర్నో ఓడించామనే గర్వమూ రాకూడదు. మా హక్కు మేం సాధించుకున్నాం అని తలెత్తి చెప్పుకోవాలి.

జై రాయలసీమ!