పక్షవాతం: పసరు మందు, చైనా మూలికలు, మన నాలుగున్నర గంటలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ఆరోగ్యం గురించి కాసేపు మాట్లాడమని కార్యవర్గం వారు అడిగారు. ఏ విషయం చెప్పమంటారు అంటే, "మన వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న ఆ చైనా మందు సంగతి చెప్పండి" అన్నారు. చైనా మూలికలతో పక్షవాతం పూర్తిగా నయమవుతుందని, ఆస్పత్రి అవసరమే లేదని ఆ కబురు. దాన్ని నవ్వి వదిలేద్దామనుకున్నాను. కానీ మన సంఘానికి యాభై ఏళ్లు వచ్చాయంటే, మొదట్లో చేరినవాళ్లకు అరవై అయిదు దాటాయి. ఇక్కడ చేతికర్ర పట్టుకుని కూర్చున్నవాళ్లు కనిపిస్తున్నారు. తెనాలిలో ఉన్నా, బాపట్లలో ఉన్నా, రేపల్లెలో ఉన్నా ఈ జబ్బు చూడని ఇల్లు తక్కువ. అందుకని ఆ కబురుకు జవాబు శ్రద్ధగానే చెప్పాలి.

ముందు జబ్బేమిటో చూద్దాం. మనం డెల్టా వాళ్లం, కాలువ లెక్కలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. కాలువలో పూడిక పడితే చివరి చేనుకు నీరందదు. గట్టుకు గండి పడినా అందదు. ఎండిపోయిన చేను మాత్రం రెండు చోట్లా ఒకలాగే కనిపిస్తుంది. మెదడులోనూ అంతే. రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ఒక రకం, నాళం చిట్లి రక్తం బయటికి వస్తే రెండో రకం. ఎక్కువమందికి వచ్చేది మొదటిది. బయటికి మాత్రం రెంటికీ అవే గుర్తులు: మూతి వంకర, చెయ్యీ కాలూ పడిపోవడం, మాట తడబడటం. చికిత్సలు మాత్రం ఒకదానికొకటి ఎదురు. గడ్డ కరిగించే మందు నాళం చిట్లినవాడికి ఇస్తే ప్రాణం పోవచ్చు. ఏది ఏమిటో నాడి పట్టుకుని చెప్పలేం, స్టెతస్కోపు పెట్టి నేనూ చెప్పలేను. తల స్కాను తీస్తేనే తెలుస్తుంది. స్కాను లేకుండా "పక్షవాతానికి ఇదే మందు" అని ఎవరైనా ఇస్తున్నారంటే, గండో పూడికో చూడకుండానే పలుగూ పారా పట్టుకుని దిగారన్నమాట.

ఇక మన వైపు మందులు. ఆకు పసరు మీకందరికీ తెలుసు. పావురం నెత్తురు పూయడం, పావురం మాంసం వండి పెట్టడం మన ఊళ్లలో ఇంకా ఉంది. చిత్తూరు జిల్లాలో పలమనేరు దగ్గరి విరూపాక్షపురం నాటు మందుకు పేరు. మంచం పట్టిన మనిషిని రాత్రంతా బండిలో కూర్చోబెట్టి అక్కడికి తీసుకువెళ్లే కుటుంబాలున్నాయి. వాళ్లను నేను తప్పు పట్టను. తండ్రి చెయ్యి కదలకపోతే కొడుకు ఎంత దూరమైనా పోతాడు. వచ్చినవాళ్లలో కొందరికి తగ్గిన మాట కూడా నిజమే.

ఎందుకు తగ్గింది అన్నదే అసలు ప్రశ్న. మూడు కారణాలు చెబుతాను. ఒకటి, చిన్న పక్షవాతం. అడ్డుపడ్డ గడ్డ దానంతటదే కదిలిపోయి గంటలోపే చెయ్యి మళ్లీ లేస్తుంది. ఆ గంటలో ఏ పసరు పోసినా పేరు పసరుకే వస్తుంది. నిజానికి అది రాబోయే పెద్ద దెబ్బకు హెచ్చరిక. రెండు, మూతి ఒక్కటే వంకరపోయే జబ్బు ఇంకొకటుంది. అది మెదడుది కాదు, ముఖానికి వెళ్లే నరానిది. ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. దాన్నీ పక్షవాతం కిందే లెక్క వేస్తారు. మూడు, అసలైన పక్షవాతంలో కూడా మొదటి మూడు నెలల్లో మెదడు తనంతట తాను చాలావరకు కోలుకుంటుంది. కాబట్టి "మందు తాగాక తగ్గింది" అన్నది నిజమైనంత మాత్రాన "మందు వల్ల తగ్గింది" అన్నది నిజం కావాలని లేదు.

ఈ రెండు మాటల్నీ విడదీసి చూడటం ఎలా? ఇక్కడ ఉన్న మేష్టార్లకు ఆ పద్ధతి బాగా తెలుసు. పబ్లిక్ పరీక్ష పేపరు మీద పిల్లవాడి పేరుండదు, కోడు నంబరు ఉంటుంది. దిద్దే మేష్టారికి అది ఎవరి పేపరో తెలియదు. మందుకూ అదే పరీక్ష. రోగుల్ని చీటీలు వేసినట్టు రెండు జట్లుగా చేస్తారు. ఒక జట్టుకు మందు, రెండో జట్టుకు చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. చివర్లో కోడు విప్పుతారు.

చైనావాళ్లు తమ మూలికల్ని ఈ పరీక్షకు కూర్చోబెట్టారు. వాళ్ల సంప్రదాయం చిన్నది కాదు. 1830లో వాంగ్ చింగ్‌రెన్ అనే వైద్యుడు రాసిన గ్రంథంలో పక్షవాతానికి ఒక కషాయం ఉంది. అందులో మన కుసుమ పువ్వు ఉంటుంది, వానపాము ఉంటుంది. దాన్ని అక్కడ ఇప్పటికీ వాడుతున్నారు. ఇలాంటి సంప్రదాయం నుంచి వచ్చిన 'న్యూరోఎయిడ్' అనే గొట్టం మాత్రలో తొమ్మిది మూలికలు, అయిదు జంతు సంబంధమైన పదార్థాలు ఉన్నాయి. సింగపూర్, ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్, శ్రీలంక వంటి దేశాల్లో 1,099 మంది మీద దాన్ని పరీక్షించారు. అందరూ గడ్డ రకం పక్షవాతం వచ్చి 72 గంటలు దాటనివాళ్లు. మూడు నెలలు వాడారు. 2013లో ఫలితం వచ్చింది. మందు తిన్న జట్టుకూ ఉత్తుత్తి మందు తిన్న జట్టుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

తరవాత రక్తం చిట్లిన రకానికి. ఎర్ర జిన్సెంగు, రేవలచిన్ని వంటి నాలుగు మూలికల కషాయాన్ని చైనాలోని 26 ఆస్పత్రుల్లో 1,648 మంది మీద చూశారు. 2024లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. అక్కడా తేడా లేదు. తమ దేశపు మందు తప్పిందని తామే లోకానికి చెప్పారు. ఆ నిజాయితీకి నమస్కారం పెట్టాలి. మన వాట్సాప్ కబురులో లేనిది ఈ సంగతే.

అలాగని మూలికలన్నీ ఉత్తివి అనుకోకండి. అదే చైనాలో తూ యూయూ అనే ఆవిడ మలేరియాకు మందు వెతుకుతూ వందల పాత యోగాలు తిరగేశారు. సుమారు 1,700 ఏళ్ల నాటి ఒక గ్రంథంలో ఒక ఆకును మరగబెట్టమని కాకుండా, నీళ్లలో నానబెట్టి పసరు పిండుకుని తాగమని ఉంది. వేడికి అందులోని గుణం చెడిపోతోందేమోనని ఆవిడకు తట్టింది. 1971లో వేడి తగలకుండా సారం తీశారు. అదే ఆర్టెమిసినిన్. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అదీ పసరే. పరీక్షకు కూర్చుంది, పాసయింది. పక్షవాతం మూలికల్లో నేను చెప్పిన రెండూ కూర్చున్నాయి, పాసు కాలేదు. మన ఊరి పసరు ఇంకా హాలు టిక్కెట్టే తీసుకోలేదు.

ఇంగ్లీషు వైద్యానికీ ఇందులో మినహాయింపు లేదు. మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మంది మీద ఒక పద్ధతిని పరీక్షించారు. పక్షవాతం రోగికి ఇంట్లోవాళ్లే వ్యాయామాలు చేయించేలా నేర్పి పంపడం ఆ పద్ధతి. మంచి ఆలోచన, అందరం పని చేస్తుందనుకున్నాం. 2017లో వచ్చిన ఫలితం అదనపు లాభం లేదని తేల్చింది.

మరి పాసయిన వైద్యం ఏది? గడ్డ రకానికి, గడ్డను కరిగించే ఇంజెక్షను. 1995లో మూడు గంటల్లోపు ఇస్తే లాభమని తేలింది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. పెద్ద నాళంలో గడ్డ ఉంటే తీగలాంటి గొట్టం పంపి దాన్ని బయటికి లాగే చికిత్స 2015లో రుజువైంది. స్కానునుబట్టి కొందరికి 24 గంటల దాకా కూడా చేస్తున్నారు. అయినా ఎంత ముందు చేస్తే అంత మెదడు మిగులుతుంది. రక్తం చిట్లిన రకానికి ఈ ఇంజెక్షను పనికిరాదు గానీ, బీపీని వెంటనే అదుపు చేయడానికి అక్కడా ఆస్పత్రి కావాల్సిందే.

ఇప్పుడు మన దూరాలు లెక్క వేయండి. తెనాలి నుంచి గుంటూరు సుమారు 25 కిలోమీటర్లు. బాపట్ల నుంచి 50, రేపల్లె నుంచి 60 ప్రాంతం. రేపల్లె నుంచి బయల్దేరినా నాలుగున్నర గంటలు చాలు. చాలనిదల్లా ఇంట్లో పోయే సమయానికి. "నీరసంలే, కాసేపు పడుకోనివ్వండి" అని ఒక గంట. పసరు మనిషి కోసం రెండు గంటలు. హైదరాబాదులో ఉన్న అబ్బాయికి ఫోను కలవడానికి ఇంకో గంట. ఆ తరవాత బయల్దేరితే ఆ ఇంజెక్షను గడువు దాటిపోవచ్చు. పసరు వల్ల జరిగే పెద్ద నష్టం దాని విషం కాదు, అది తినేసే గంటలు.

అందుకని నాలుగు పనులు గుర్తుపెట్టుకోండి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబాటు, వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా వచ్చినా 108కి ఫోను చేయండి. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో కాగితం మీద రాయండి, డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. నోట్లో నీళ్లు గాని పసరు గాని మాత్ర గాని వేయకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీటీ స్కాను, గడ్డ కరిగించే ఇంజెక్షను రెండూ ఉన్న ఆస్పత్రికే నేరుగా వెళ్లండి. మీకు దగ్గరలో అలాంటిది ఏదో ఇవాళే కనుక్కుని, ఫోను నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి.

ఇప్పటికే పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లకు ఒక మాట. ఆయుర్వేద తైలంతో మర్దనా చేయించుకుంటే హాయిగా ఉంటుంది, నేను కాదనను. ఆయుర్వేదం కావాలంటే చదువుకుని పట్టా పుచ్చుకున్న వైద్యుల దగ్గరికే వెళ్లండి. కానీ బీపీ మాత్ర, రక్తం పలచబరిచే మాత్ర మీ అంతట మీరు ఆపకండి. కొన్ని మూలికలు ఆ మాత్రలతో కలిస్తే రక్తస్రావం అవుతుంది. చైనావాళ్లు వాడే డాన్‌షెన్ వేరుతో వార్ఫరిన్ మాత్ర తీసుకుంటే ఆ ప్రమాదం ఉంది. ఏం వాడుతున్నా మీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఆయన విసుక్కున్నా సరే చెప్పండి.

చైనా నుంచి నిజంగా తెచ్చుకోదగ్గది మరొకటుంది. 600 గ్రామాల్లో, 20,995 మందితో ఒక పరీక్ష చేశారు. సగం గ్రామాలకు మామూలు ఉప్పు. మిగతా సగానికి, నూటికి పాతిక పాళ్లు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు. సుమారు అయిదేళ్లలో ఆ రెండో సగంలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. 2021లో ప్రకటించారు. ఇంకో పరీక్షలో 326 గ్రామాల్లో ఊరి వైద్యులకే శిక్షణ ఇచ్చి బీపీ బాగా అదుపు చేయించారు. మూడేళ్లలో పక్షవాతాలు మూడో వంతు తగ్గాయి. నేను చెప్పిన పక్షవాతం మూలికలేవీ ఇంత పని చేయలేదు.

మన గుంటూరు, బాపట్ల వైపు ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, తీరం వెంట ఎండుచేపలు. వదిలేయమని ఈ సభలో చెబితే నన్ను మీరే వదిలేస్తారు. రోజుకు మనిషికి అయిదు గ్రాముల లోపు ఉప్పు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అంటే ఒక చిన్న చెంచాడు. పచ్చడి వేసుకున్న పూట పెరుగన్నంలో ఉప్పు మానండి. పొటాషియం కలిపిన ఉప్పు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు వాడకూడదు. కొన్ని బీపీ మాత్రలతోనూ పడదు. అడిగి వాడండి.

చివరగా సంఘానికి ఒక విన్నపం. మన పిల్లలు చాలామంది హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్నారు. ఇళ్లలో పెద్దవాళ్లు మిగిలారు. పక్కింట్లో మాత్రం మన బడికి వెళ్లే పిల్లవాడు ఉంటాడు. స్వర్ణోత్సవం గుర్తుగా భవనానికి రంగులు వేయిస్తున్నాం, సంతోషం. దానితోపాటు ప్రతి తరగతి గోడ మీద ఆ మూడు గుర్తులూ, 108 నంబరూ రాయిద్దాం. మేష్టార్లు ఏడాదికి ఒక పీరియడు దీనికి కేటాయిస్తే చాలు. పక్కింటి తాతయ్య మూతి వంకరపోయిందని ముందుగా గమనించేది ఎనిమిదో తరగతి పిల్లే కావచ్చు. ఆ పిల్లకు ఏం చేయాలో తెలిసి ఉండాలి.

 బయట బీపీ చూసే మిషను పెట్టించాను. భోజనాలకు వెళ్లే ముందు అందరూ ఒకసారి చూపించుకోండి. సెలవు.