ర్యాంకు కంటే ముందు రావలసిన పరిచయం

అధ్యక్షస్థానం నుంచి మాట్లాడేవారు నాలుగైదు విషయాలు స్పృశించడం ఆనవాయితీ. నేను ఒక్కదానికే కట్టుబడతాను. ఆరోగ్యరంగంలోకి వెళ్లాలా వద్దా అన్నది మన పిల్లలు ఆ రంగం ముఖం చూడకుండానే తేల్చుకుంటున్నారు. ఆ పరిచయం వాళ్లకు సొంత ఊళ్లో, సొంత బస్తీలో, పదో తరగతి దాటకముందే కలగాలి. అందుకు సామాజిక ఆరోగ్య కార్యక్రమాలే సరైన చోటని నా వాదన.

ఇప్పుడు జరుగుతున్నదేమిటో చూడండి. పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఎంపీసీనా బైపీసీనా అన్నది ఇంట్లో తేలిపోతుంది. బైపీసీ అంటే నీట్, నీట్ అంటే ఎంబీబీఎస్. 2024లో ఆ పరీక్షకు 24 లక్షల మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. మిగిలినవాళ్లలో చాలామంది ఈ రంగాన్నే వదిలేస్తారు. కొందరు నర్సింగుకో, ఫిజియోథెరపీకో, ల్యాబ్ టెక్నాలజీకో వస్తారు గానీ, సీటు రాలేదన్న బాధతో, ఓడిపోయామన్న భావంతో వస్తారు. పక్షవాతం వచ్చిన మనిషిని మళ్లీ నడిపించే పనిలోకి, గళ్ల స్లైడులో క్షయ క్రిమిని పట్టుకునే పనిలోకి ఒక యువతి తలవంచుకుని అడుగుపెట్టడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఇంటర్మీడియట్‌లోనే మల్టీపర్పస్ హెల్త్ వర్కర్, మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ ఒకేషనల్ కోర్సులున్నాయి. వాటి గురించి ఎక్కువమంది పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. ఒకవేళ చెప్పినా, మార్కులు రానివాళ్ల కోసమన్నట్టు చెబుతారు.

ఊరి మనిషి ఊళ్లోనే నేర్చుకుని నిపుణుడు కాగలడనడానికి రుజువు మన దగ్గరే ఉంది. 1996 నుంచి 2000 దాకా హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించింది. అంధత్వం 1.84 శాతమని తేలింది. అందులో అరవై శాతం దాకా శుక్లాల వల్లో, సరైన కళ్లద్దాలు లేకనో వచ్చినదే. చిన్న శస్త్రచికిత్సతో, జత అద్దాలతో పోయే గుడ్డితనమన్నమాట. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఈ లోటు పూడ్చడానికి సుమారు యాభై వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం చొప్పున పెడుతూ వచ్చింది. అక్కడ కూర్చునేది నేత్రవైద్యుడు కాదు. ఇంటర్ పాసై, ఏడాది శిక్షణ పొందిన ఆ ప్రాంతపు అబ్బాయో అమ్మాయో. పెద్దాయన ముక్కు మీద ట్రయల్ ఫ్రేము పెట్టి, ఒక్కో అద్దం మార్చుతూ, గోడ మీది ఇంగ్లీషు 'E' అక్షరం కాళ్లు ఎటున్నాయో చేత్తో చూపించమని అడుగుతారు. అద్దాలతో సరిపోతే అక్కడే రాస్తారు. కనుపాప తెల్లబారి కనిపిస్తే పై ఆసుపత్రికి పంపుతారు. ఆ పక్కనే బెంచీ మీద తాతతో వచ్చిన పదో తరగతి పిల్ల కూర్చుని ఉంటుంది. కాంతి వక్రీభవనం ఆమె పాఠ్యపుస్తకంలో ఉంది. ఆ పాఠానికీ ఎదురుగా జరుగుతున్న పనికీ సంబంధముందని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పరు.

ఇలాంటిదే మరో రుజువు ప్రాణహిత నది అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉంది. దాని దక్షిణపు కొస సిరొంచలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ ఐదు నుంచి పది తరగతులు చదివిన గ్రామీణ స్త్రీలకు నవజాత శిశు సంరక్షణ నేర్పారు. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, నిమిషానికి శ్వాస అరవై దాటుతోందేమో లెక్కపెట్టడం, ఇన్ఫెక్షన్ సోకితే ఇంటి దగ్గరే వైద్యం మొదలుపెట్టడం. 39 గ్రామాల్లో ఈ పని జరిగింది, 47 గ్రామాలను పోలిక కోసం ఉంచారు. మూడో ఏటికి నవజాత శిశుమరణాలు, అంటే పుట్టిన నెలలోపు జరిగేవి, పోలిక గ్రామాలకన్నా 62 శాతం తక్కువయ్యాయి. 1999లో లాన్సెట్ ప్రచురించిన ఈ ఫలితం ఆరోగ్యసేవ అంటే పెద్దాసుపత్రే అన్న నమ్మకాన్ని కదిలించింది. తమ వాడకట్టులోని స్త్రీ ఇంతటి పని చేయడం చూస్తూ పెరిగే పిల్లలకు ఆ వృత్తి అందనంత ఎత్తులో ఉన్నట్టు తోచదు.

ఎవరు ఎక్కడ నిలుస్తారన్న ప్రశ్నకూ జవాబు దొరుకుతోంది. మారుమూల ప్రాంతాల్లో ఆరోగ్య సిబ్బందిని నిలుపుకోవడం ఎలా అన్నదానిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన సిఫారసుల్లో మొదట చెప్పినది గ్రామీణ నేపథ్యం ఉన్న విద్యార్థులను చేర్చుకోమని. 2021లో సవరించినప్పుడూ ఆ మాట నిలిచింది. జపాన్‌లో 1972లో స్థాపించిన జిచి వైద్య విశ్వవిద్యాలయం ప్రతి రాష్ట్రం నుంచీ విద్యార్థులను తీసుకుని, ఫీజు భారం తప్పించి, తొమ్మిదేళ్లు సొంత ప్రాంతంలో పనిచేయమంటుంది. గడువు తీరాక కూడా అక్కడి పట్టభద్రులు పల్లెల్లో పనిచేయడం ఇతరులకన్నా బాగా ఎక్కువని అధ్యయనాలు చూపాయి. పల్లె మీద మనసున్నవాళ్లే అక్కడ చేరుతారు గదా, ఇందులో చదువు గొప్పేముంది అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ ప్రశ్న నా వాదనకే బలం. మనసే నిర్ణాయకమైతే, దాన్ని గుర్తించడం ఎంపికకు ముందే జరగాలి.

మనం చేస్తున్నది దీనికి పూర్తిగా తలకిందులు. 1975 నాటి శ్రీవాస్తవ కమిటీ సలహాల తర్వాత వైద్యవిద్యను పల్లె వైపు తిప్పాలని 1977లో ఒక పథకమే వచ్చింది. హౌస్‌సర్జన్లకు గ్రామీణ పోస్టింగ్ ఉంది. ఇటీవల ఎంబీబీఎస్ విద్యార్థులు గ్రామాల్లో కుటుంబాలను దత్తత తీసుకునే కార్యక్రమం మొదలైంది. ఇవన్నీ మంచివే. కానీ అన్నీ సీటు వచ్చాక మొదలయ్యేవే. అప్పటికి కోచింగు సెంటర్లలో రెండు మూడేళ్లు గడిపిన కుర్రవాడికి ఊరంటే గడువు పూర్తిచేయాల్సిన చోటుగానే కనిపిస్తుంది.

మరి పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఏం చూపించగలం? బుధవారం టీకాల రోజు చాలు. ఏఎన్ఎం తెరిచే పెట్టెలో ఐస్‌ప్యాకుల మధ్య సీసాలుంటాయి. సీసా మీద చిన్న వలయం, దాని మధ్యలో చదరం. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. అది వలయం రంగును అందుకుంటే టీకా పారేయాల్సిందే. రసాయన చర్య, ఉష్ణోగ్రత, తయారీ నుంచి మారుమూల తండా దాకా తెగకుండా సాగవలసిన చలువ గొలుసు, వాటన్నిటికీ కావలి కాస్తున్న ఒక స్త్రీ నిర్ణయం, అన్నీ ఆ గోరంత గుర్తులో ఉన్నాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూడటం కూడా ఇలాంటిదే. ఇవి చూసినంత మాత్రాన పిల్లలందరూ ఆరోగ్యరంగంలోకి రానక్కర్లేదు. తనకు సరిపడదని ఒక పిల్లవాడు పదిహేనో ఏట తెలుసుకుంటే అదీ లాభమే.

ఈ ప్రతిపాదనకు వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది ఇది: కూలీల పిల్లలకు ఏఎన్ఎం కొలువు, పట్నం పిల్లలకు డాక్టరీ అన్న పాత విభజనకే ఇది కొత్త ముసుగు కాదా? దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కులం, డబ్బు ఇప్పటికే ఈ వృత్తులను మెట్లుగా పేర్చాయి. అందుకే కార్యక్రమంలో ప్రభుత్వ పాఠశాల పిల్లలతో పాటు ప్రైవేటు పాఠశాలల పిల్లలూ అదే టీకా కేంద్రంలో పక్కపక్కన కూర్చోవాలి. అంతకన్నా ముఖ్యం పైకి వెళ్లే దారి. ఏఎన్ఎంగా మొదలైనామె జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ దాకా, దృష్టి కేంద్రంలోని యువకుడు ఆప్టోమెట్రీ పట్టా దాకా, ఉద్యోగం కోల్పోకుండా చేరగలగాలి. నర్సింగు కాని అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన జాతీయ కమిషన్ చట్టం వాటిలో ఇలాంటి దారులు వేయడానికి అవకాశమిస్తోంది. దారి వేయకపోతే ఈ అభ్యంతరమే గెలుస్తుంది, గెలవడం న్యాయం కూడా.

పిల్లలతో వెట్టి చేయిస్తారేమో అన్న భయానికీ కారణముంది. 2005లో ఆశాలను కార్యకర్తలన్నాం, ఉద్యోగులనలేదు. జీతానికి బదులు ప్రోత్సాహకం అన్నాం. ఇప్పటికీ వాళ్లు రోడ్డెక్కాల్సి వస్తోంది. ఆ తప్పు పిల్లల విషయంలో జరగకూడదు. వాళ్లకు లక్ష్యాలు పెట్టకూడదు, రిజిస్టర్లు నింపించకూడదు, ఇంటింటి సర్వేలకు పంపకూడదు. రోగి గుట్టు కాపాడటమూ ఇంతే ముఖ్యం. ఊళ్లో ఎవరికి క్షయ ఉందో, ఎవరికి హెచ్ఐవీ ఉందో పిల్లల చెవిన పడే పరిస్థితి రానివ్వకూడదు. ఇక చదువుకు సమయం పోతుందన్న తల్లిదండ్రుల మాటకు నా జవాబు చిన్నది: నెలకు ఒక పూట అడుగుతున్నాం.

దీనికి కొత్త శాఖ అక్కర్లేదు. జూనియర్ రెడ్‌క్రాస్ ఉంది, ఎన్ఎస్ఎస్ ఉంది, కిశోర ఆరోగ్య కార్యక్రమంలో తోటి పిల్లలకు చెప్పే విద్యార్థులున్నారు. ప్రతి వైద్య కళాశాలకూ ఒక గ్రామీణ శిక్షణ కేంద్రం ఉంది, దాని చుట్టూ ఉన్నత పాఠశాలలున్నాయి. అక్కడ మొదలుపెట్టి, పాల్గొన్న పిల్లలు, పాల్గొనని పిల్లలు పదేళ్ల తర్వాత ఏ చదువుల్లో, ఏ ఊళ్లలో ఉన్నారో లెక్క తీయాలి. గడ్చిరోలిలో పోలిక గ్రామాలు ఉంచినట్టే మనమూ నిజాయితీగా పోల్చి చూసి, ఫలితం మంచైనా చెడైనా తెలుగులో ప్రచురించాలి. ఈ మేరకు తీర్మానం ముసాయిదాను సభ ముందు ఉంచుతున్నాను. ఆడపిల్లలను టీకా కేంద్రానికి తీసుకెళ్లి తిరిగి ఇల్లు చేర్చే బాధ్యత, ఖర్చు ఎవరివన్నది అందులో ఖాళీగా వదిలాం. మధ్యాహ్నం చర్చ ఆ ఖాళీతోనే మొదలవ్వాలని నా మనవి.