ఊడిన పన్ను - మొదటి అరగంట

పిల్లల పాలపన్ను ఊడినప్పుడు దానిని ఇంటి కప్పు మీదికి విసరివేయుట తెలుగునాట పెక్కు ఇండ్లలో ఆచారము. ఆ వేడుకకు నేను అడ్డు చెప్పను. కాని ఎనిమిదేండ్ల బాలుడు బడి మెట్ల మీదనో, సైకిలు మీదినుండియో బోర్లపడి, క్రొత్తగా వచ్చిన ముందుపన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడినప్పుడు కూడ ఆ అలవాటే మన చేతిని నడిపించుచున్నది. నెత్తురు తుడుతుము, బిడ్డను ఓదార్తుము, పన్నును మాత్రము పారవేయుదుము. తీరా దంతవైద్యుని యొద్దకు పోయిన తరువాత ఆయన అడుగు మొదటి ప్రశ్న, “పన్ను ఏది?” అని.

శాశ్వతదంతము ఊడి క్రిందపడినంత మాత్రమున చచ్చిపోదు. దాని వేరు చుట్టును సన్నని పొర యొకటి అంటుకొని యుండును. పంటిని దవడ యెముకతో కట్టియుంచు తంతువులు ఆ పొరలోనివే. అందలి జీవకణములు తడిగా నున్నంతసేపు బ్రతికి యుండును. ఎండిన కొలది నశించును. పొడిగా అరగంట గడచినచో నష్టము ఎక్కువగును. గంట గడచిన పిమ్మట పన్నును తిరిగి నాటినను, అది ఎముకతో అతుకుకొని, క్రమముగా వేరు కరగిపోవు ప్రమాదము మెండు. కావున ఈ ఆపదలో మొదటి చికిత్స చేయవలసినవారు అప్పటికి దగ్గరనున్న తల్లియో, తండ్రియో, ఉపాధ్యాయుడో.

పడిన బిడ్డ స్పృహ తప్పినను, వాంతులు చేసికొన్నను పంటి మాట తరువాత. ముందు ఆసుపత్రికి కొనిపోవలెను. అట్టి లక్షణములు లేనిచో వెంటనే పన్నును వెదకవలెను. నోటిలో కనబడు తెల్లని భాగమును మాత్రమే పట్టుకొని తీయవలెను, వేరును తాకరాదు. మట్టి అంటియున్నచో చల్లని పాలతో తొలిచి తీయవలెను. పాలు చేతికందనప్పుడు కుళాయి నీరైనను సరే, పది సెకండ్లకు మించరాదు. రుద్దరాదు, గుడ్డతో తుడువరాదు, సబ్బు తగులనీయరాదు. మన ఇండ్లలో శుభ్రత యనగా తోమి కడుగుటయే కదా! ఇచ్చట ఆ తోముటయే పంటికి చేటు తెచ్చును.

తరువాత ప్రక్క పంటితో పోల్చి, ముందువైపు ఏదియో చూచికొని, పన్నును దాని గుంటలోనికే మెల్లగా నొక్కి నిలుపవలెను. శుభ్రమైన చేతిరుమాలును మడిచి యిచ్చి, కొరికి పట్టుకొమ్మని బిడ్డతో చెప్పవలెను. వినుటకు భయము గొలుపు మాటయే. అయినను దంతగాయముల చికిత్సకై యేర్పడిన అంతర్జాతీయ సంఘము 2020లో వెలువరించిన సూత్రములలోను ఇదియే యున్నది. చేయి ఆడనిచో, బిడ్డ నోరు తెరవనిచో, పన్నును చల్లని పాలలో వేసి అదే గిన్నెతో వైద్యుని యొద్దకు పరుగెత్తవలెను. ప్యాకెట్టు పాలైనను చాలును, వేడిపాలు పనికిరావు. పెరుగు, మజ్జిగ పులుపు గలవి; అవి పాలకు బదులు కావు. పాలు దొరకని చోట బిడ్డ ఉమ్మినే గిన్నెలో పట్టి అందుంచవచ్చును. మంచినీటిలో నానవేసినచో ఆ కణములు ఉబ్బి పగులును. కాగితములో చుట్టి జేబులో వేసికొనుట అంతకంటెను చెరుపు.

వైద్యుడు పన్నును సరిచేసి, ప్రక్క పండ్లకు సన్నని తీగతో సుమారు రెండు వారములు కట్టియుంచును. ధనుర్వాతపు సూదిమందు అవసరమా యని అప్పుడే అడుగవలెను.

ఊడినది పాలపన్నైనచో తిరిగి పెట్టరాదు. దాని క్రిందనే శాశ్వతదంతపు మొలక పెరుగుచుండును. నొక్కినచో దానికి హాని కలుగవచ్చును. ఆరేండ్లు నిండని బిడ్డకు ముందుపండ్లు సాధారణముగా పాలపండ్లే. ఏడెనిమిదేండ్ల వయసున సందేహము రావచ్చును. క్రొత్తగా వచ్చిన శాశ్వతదంతము వెడల్పుగా నుండును. దాని అంచు రంపపు పండ్లవలె గరుకుగా నుండును. అప్పటికిని తేలనిచో పాలలో వేసి వైద్యునికి చూపుటయే మేలు. పన్ను విరిగి ముక్క పడినప్పుడు ఆ ముక్కను కూడ తడిలో నుంచి తీసికొనిపోవలెను. పెక్కుసార్లు దానినే తిరిగి అతికింపవచ్చును.

పంటిపోటును గురించి రెండు మాటలు. అర్ధరాత్రి బిడ్డ ఏడ్చునప్పుడు చిగురుపై ఆస్పిరిను మాత్ర నుంచుట, పొగాకు అద్దుట కొన్ని యిండ్లలో ఇప్పటికిని కలదు. ఆ మాత్ర చిగురును కాల్చును. పైగా పిల్లలకు ఆస్పిరిను ఈయనేరాదు. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలింపజేసి, బిడ్డ బరువునుబట్టి పారాసిటమాలు ఇచ్చి, తెల్లవారగనే వైద్యునికి చూపవలెను. కాని పిప్పిపన్నుతో బుగ్గ వాచి, జ్వరము వచ్చి, కన్ను మూసికొనిపోవుచున్నను, మ్రింగుట కష్టమైనను, ఊపిరి ఆడకున్నను కాపడములు పెట్టుచు కూర్చుండరాదు. ఆ చీము మెడలోనికి దిగి ఊపిరికి అడ్డుపడగలదు. తెల్లవారువరకు ఆగక ఆ రాత్రియే పెద్దాసుపత్రికి చేర్పవలెను.