చుక్క పడే చోటు కాదు, లీకు పుట్టిన చోటు చూడాలె

నేను మైకు ముందర మాట్లాడే మనిషిని కాదు. పదహారేండ్లుగా షార్జాలో పెద్ద బండ్ల కింద పడుకొని పని చేసేటోణ్ని. మనలో డ్రైవర్లు, హెల్పర్లు, మెకానిక్‌లు చానా మంది ఉన్నరు. అందుకే నాకు తెలిసిన ఒక్క ముచ్చటే చెప్త: ఎన్నిసార్లు చేసినా ఆగని ఆయిల్ లీకు.

ముందు నా తప్పు చెప్పుకుంట. కొన్నేండ్ల కింద ఒక ట్రెయిలర్ బండి వచ్చింది. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ నడుమ నుంచి నూనె కారుతుంది. చూడంగనే వెనక క్రాంక్ సీలు పోయిందన్న. గేర్‌బాక్స్ దించి, క్లచ్ విప్పి, కొత్త సీలు వేసిన. పది రోజులకు బండి మళ్ల వచ్చింది, అదే చోట నూనె. మళ్ల దించిన, మళ్ల మార్చిన. మూడోసారి వచ్చినప్పుడు సూపర్‌వైజర్ నన్నేమీ అనలేదు, డ్రైవర్‌ను పట్టుకున్నడు. "నువ్వే ఆయిల్ ఎక్కువ పోస్తున్నవ్, జీతంల కటింగ్ పెడత" అన్నడు. ఆ డ్రైవర్ జగిత్యాల దిక్కు తమ్ముడు. నా దిక్కు చూసి "అన్నా, నేనేం జేసిన?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు డ్యూటీ అయినంక నేను ఇంటికి పోలే. మొదటి రోజే చేయవలసిన పని అప్పుడు చేసిన. ఇంజన్ మొత్తం డీగ్రీజర్ కొట్టి కడిగి, ఆరబెట్టి, స్టార్ట్ చేసి లైటు పట్టుకొని కూర్చున్న. తీరా చూస్తే బ్రీదర్ ఫిల్టర్ జిడ్డుతో మూసుకుపోయి ఉంది. ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి లేక, ఆ ఒత్తిడే నూనెను సీలు నుంచి తోస్తుంది. ఫిల్టర్ మార్చిన, సీలు ముట్టుకోనే లేదు. లీకు ఆగింది. తెల్లారి సూపర్‌వైజర్ దగ్గరికి పోయి, తప్పు నాది, డ్రైవర్‌ది కాదు అని చెప్పిన. నాకు తిట్లు పడ్డయి గానీ, ఆ తమ్ముని జీతం ఆగలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. మొదలు, కారేది ఏందో తెలుసుకోవాలె. రాత్రి బండి కింద అట్టముక్క పరిస్తే పొద్దున చుక్కలే చెప్తయి. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్. చిక్కగా ఉండి గంధకం వాసన వస్తే గేర్ ఆయిల్. ఎర్రగా ఉంటే చానావరకు స్టీరింగ్ ఆయిల్.

రెండోది, కడగకుండా వెతకొద్దు. నూనె కిందికి జారుతది, బండి ఉరికేటప్పుడు గాలికి వెనక్కి పోతది. అందుకే అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఎక్కడ తడి ఉందో అక్కడ చూడాలె. టాపెట్ కవర్ గాస్కెట్, టర్బో రిటర్న్ పైపు, ఆయిల్ కూలర్, కంప్రెసర్ జాయింటు, ఇవన్నీ చూసినంకనే గేర్‌బాక్స్ మీద చెయ్యి వేయాలె. దొరకకుంటే, ఆయిల్‌లో కలిపే డై పోసి నీలి లైటు కింద చూస్తే దారి మెరుస్తది.

మూడోది, బ్రీదర్లు. ఇంజన్‌కే కాదు, డిఫరెన్షియల్ మీద కూడా చిన్న బ్రీదర్ ఉంటది. ఈ ఇసుక దేశంల అది తొందరగా మూసుకుపోతది. అప్పుడు ఎన్ని పినియన్ సీళ్లు వేసినా దండుగే.

నాలుగోది, బిగించే తీరు. లీకు అయితే చాలు, బోల్టు ఇంకా గట్టిగా తిప్పుతం. దాంతోని కవర్ వంకరపోతది, గాస్కెట్ చితుకుతది. పాత గాస్కెట్ మొత్తం గీకి, టార్క్ రెంచ్‌తో బిగించాలె. సిలికాన్ ఎక్కువ పూయొద్దు. లోపలికి పిండుకొని ఊడితే సంపులోని జాలీకి అడ్డం పడుతది, ఇంజన్‌కు నూనె అందదు. షాఫ్ట్ మీద సీలు రాసుకొని గాడి పడితే కొత్త సీలు కూడా ఆగదు, స్లీవ్ ఎక్కించాలె.

డ్రైవర్ తమ్ములకు ఒక మాట. చక్రం లోపలి దిక్కు నూనె కనబడితే ఆ బండి తీయొద్దు. హబ్ సీలు పోయి బ్రేక్ లైనింగ్ తడిస్తే బ్రేకు పట్టదు. తుడిస్తే సరిపోదు, లైనింగ్ మార్చాలె.

మెకానిక్ తమ్ములకు ఒక మాట. జాకీని నమ్మి కిందికి దూరొద్దు. స్టాండ్లు, చక్రాలకు అడ్డాలు పెట్టాలె. ఇంజన్ నడుస్తుండగా డీజిల్ లీకును చేత్తో వెతకొద్దు. ఆ పైపుల ఒత్తిడి వెయ్యి బార్ దాటుతది, సన్నటి ధార తోలు చీల్చుకొని లోపలికి పోతది. నొప్పి తక్కువున్నా వెంటనే ఆసుపత్రికి పోవాలె. ఇక యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో బయట పని ఉండొద్దన్నది నియమం. ఆరుబయట బండి కింద పడుకునేటోళ్లు అది యాదిలో పెట్టుకోవాలె.

ఆఖరి మాట. లీకు కనబడ్డ రోజే తారీఖు, కిలోమీటర్లు, ఎంత ఆయిల్ పోసినవో రాసి, ఫోటో తీసి సూపర్‌వైజర్‌కు పంపుండ్రి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకుండ్రి, ముందు మన ఫోరంల చూపించుండ్రి. ఆ తమ్ముని దగ్గర ఆ రోజు ఒక్క కాగితం ఉన్నా, నా తప్పుకు ఆయన తల దించుకునేటోడు కాదు.