నాలుగో పేజీలో పోయిన అర్జీ

మేము ఎనిమిదో తరగతితో బడి మానినవాళ్లం. కంప్యూటరు గురించి మమ్మల్ని మాట్లాడమన్నారు. మాకు జరిగిందే చెబుతాము.

క్యాతగానచెర్లులో పండుగ బోనసు నేరుగా ఖాతాల్లో వేసేదానికి సభ్యుల వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించాలనుకున్నాము. మన నేతగాని కూతురే, బెంగళూరులో కోడు రాసే పిల్ల, పైసా తీసుకోకుండా ఫారం చేసి ఇచ్చింది. నాలుగు పేజీలు: పేరు, మగ్గం, కుటుంబం, బ్యాంకు.

మొదటి రోజే ఒక అవ్వ వచ్చింది. అరగంట కూర్చోబెట్టి మూడు పేజీలు నింపినాము. నాలుగో పేజీలో ఐఎఫ్‌ఎస్‌సీ కోడు కొట్టి పంపితే, ఎర్రగా "వివరాలు సరిగా లేవు" అని వచ్చి, మళ్లీ మొదటి పేజీ ఖాళీగా నిలబడింది. ఏది సరిగా లేదో చెప్పదు. మళ్లీ నింపినాము, మళ్లీ అంతే. మూడోసారికి అవ్వ "నాకొద్దులే నాయనా, పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చినా" అని లేచిపోయింది. ఆ రాత్రి మాకు అన్నం సయించలేదు.

కొట్టినది తప్పే. ఆ కోడుకు 11 అక్షరాలు. మొదటి నాలుగు బ్యాంకు గుర్తు, ఐదోది ఎప్పుడూ సున్నా, మిగతా ఆరు శాఖవి. మేము సున్నా బదులు ఇంగ్లీషు 'ఓ' కొట్టినాము. కానీ ఆ మాట ఫారం చెప్పాల గదా!

పాపకు ఫోను చేసి, "అమ్మా, పడుగులో ఒక పోగు తెగితే ఆ పోగు అతుకుతామే గానీ పడుగంతా కోసి పారేస్తామా?" అని అడిగినాము. నవ్వింది, వారంలో మార్చింది. ఇప్పుడు ఏ పేజీకి ఆ పేజీ సర్వరులో తనిఖీ అయి, అక్కడే భద్రంగా ఉంటుంది. తప్పుంటే అదే పేజీ తిరిగొస్తుంది, మనం కొట్టినవన్నీ అట్లే ఉంటాయి. తప్పున్న గడి కిందనే "ఐదో అక్షరం సున్నా ఉండాలి" అని తెలుగులో, కన్నడంలో వస్తుంది. ఆఖరున మొత్తం ఇంకోసారి చూస్తుంది.

ఫోనులోనే చూస్తే చాలదా అంటే, ఆ తనిఖీని దాటుకొని రావచ్చంట. నిజమే, చీరను ఇంట్లో ఎంత చూసుకున్నా, సంఘంలో మడత విప్పి చూడకుండా స్టాకు పుస్తకంలో ఎక్కిస్తామా?

అయినా ఒకటి తప్పించుకుంది. సిండికేట్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న కెనరా బ్యాంకులో కలిసింది. ఎస్‌వైఎన్‌బీతో మొదలయ్యే పాత కోడ్లు 2021 జూలై 1 నుంచి చెల్లవు. బతిమాలి పిలుచుకొచ్చిన అవ్వ పాస్‌బుక్కులో ఉన్నది ఆ పాత కోడే. 11 అక్షరాలూ ఉన్నాయి, సున్నా సరిగ్గా ఉంది, ఫారం ఒప్పుకుంది. డబ్బు తిరిగొచ్చింది. ఫారం కోడు ఆకారం చూసింది గానీ, అది చెల్లుతుందో లేదో చూడలేదు. ఇప్పుడు రిజర్వు బ్యాంకు ఇచ్చే కోడ్ల జాబితాతో సరిచూసేట్టు పాప మార్చింది. అవ్వకు పండుగ దాటినాక గానీ బోనసు పడలేదు.

పాత పాస్‌బుక్కులు మార్చుకోనివారు ఇంకా ఉన్నారు. సభ అయినాక భోజనాలకు పోయేముందు ఒకసారి మా దగ్గరికి రండి.