గడప దాటి వచ్చే దెబ్బ



మొగుడు పెళ్ళాన్ని కొడితే ఇంటి గొడవ అంటారు. గడప దాటకూడదంటారు. కానీ ఆ దెబ్బ గడప దాటుతుంది. ఆమె వెంటే పనికి వస్తుంది.

ఎలాగో చూడండి. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ఒకామె పనిచేస్తోంది అనుకోండి. రాత్రి మొగుడు చెయ్యి మెలితిప్పాడు. పొద్దుటికి చెయ్యి వాచింది. రోజూ కుట్టేన్ని ముక్కలు కుట్టలేకపోయింది. సూపర్‌వైజరు కసిరాడు. మర్నాడు ఒళ్ళునొప్పులతో రాలేదు. కూలి పోయింది. మరో రోజు మొగుడు గేటు దగ్గరికే వచ్చి తిట్టాడు. "నీ ఇంటి గొడవలు ఇక్కడికి తేకు" అని మేనేజరు ఆమెనే పనిలోంచి తీసేశాడు.

తప్పు ఎవరిది? శిక్ష ఎవరికి?

కొట్టేవాడికి కావలసిందీ అదే. చేతిలో నాలుగు రూపాయలు లేకపోతే ఆమె ఎక్కడికీ పోలేదు. అందుకే కొందరు సరిగ్గా పనికి బయలుదేరే వేళకే గొడవ పెడతారు. బస్సు డబ్బులు లాక్కుంటారు. పని అంటే ఆమెకు తిండి ఒక్కటే కాదు, బయటపడే దారి కూడా. ఆ దారిని యజమాని మూసేయకూడదు. మూస్తే ఆయనకూ నష్టమే. పని తెలిసిన మనిషి పోతుంది.

ఇందుకు ఒక చట్టం ఉంది. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. కొట్టడమే కాదు, పనికి పోనివ్వకపోవడం, జీతం గుంజుకోవడం కూడా ఈ చట్టం కింద హింసే. "ఆమె పనిచేసే చోట అడుగు పెట్టకు" అని కోర్టు అతణ్ణి ఆదేశించవచ్చు. ఆ ఆదేశం మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పోయిన సంపాదన కూడా కోర్టు ఇప్పించవచ్చు. రక్షణాధికారికి ఆమే చెప్పనక్కర లేదు. తోటి పనివాళ్ళు చెప్పవచ్చు, యజమానీ చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు.

మరి యజమాని ఏం చేయాలి?

ఆమెను పక్కకు పిలిచి, నెమ్మదిగా అడగాలి. చెప్పిన మాట నలుగురిలో వేయకూడదు.

ఆమె ఎన్ని గంటలకు వస్తుందో, పోతుందో ఎవరడిగినా చెప్పవద్దని కాపలావాడికి చెప్పాలి. అవసరమైతే షిఫ్టు మార్చాలి.

జీతం ఆమె పేరున ఉన్న బ్యాంకు ఖాతాలోనే వేయాలి.

ఆసుపత్రికి, కోర్టుకు పోవడానికి సెలవు ఇవ్వాలి. ఫిలిప్పీన్స్ దేశంలో 2004లో చేసిన చట్టం ఇలాంటి స్త్రీలకు 10 రోజుల దాకా జీతంతో సెలవు ఇచ్చింది. మన దేశ చట్టంలో ఇలాంటి ప్రత్యేక సెలవు లేదు. అయినా సెలవు ఇవ్వడానికి యజమానికి అడ్డేమీ లేదు.

ఆమె అడగకుండా మొగుణ్ణి పిలిచి రాజీ చేయబోకూడదు. ఆ కోపం ఇంటికి పోయాక ఆమె మీదే తీర్చుకుంటాడు.

యజమాని అంటే ఫ్యాక్టరీ ఆయనే కాదు. కూలికి పిలిచే మేస్త్రీ, ఇంటిపనికి పెట్టుకున్న అమ్మగారు కూడా యజమానులే. ఒక్కతే అడగలేకపోతే నలుగురూ కలిసి పోయి అడగాలి.

ప్రాణం మీదికి వస్తే 112కు ఫోన్ చేయండి. సలహా, సాయం కావాలంటే 181కు చేయండి. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు, వకీలు సాయం ఒకేచోట దొరుకుతుంది. న్యాయ సేవాధికార సంస్థ స్త్రీలకు ఉచితంగా వకీలును పెడుతుంది.

ఇప్పుడు మీకు రాయడం వచ్చు. కొట్టిన తేదీ, పనికి పోలేని రోజులు, పోయిన కూలి నోటుపుస్తకంలో రాయండి. ఆ పుస్తకం ఇంట్లో పెట్టవద్దు. నమ్మకమైన వారి దగ్గర దాచండి. రేపు కోర్టులో పోయిన కూలి అడిగేటప్పుడు, ఆ రాతే మీకు సాక్ష్యం.