క్షయ రోగం మీద పరిశోధనలో మన తిరువళ్లూరు ఊళ్లు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నేను చదివింది ఎనిమిదో తరగతి. సొసైటీ పద్దులు, నూలు లెక్కలు నాకు తెలిసిన విద్య. అయినా ఈసారి రిబేటు గురించి, నూలు ధర గురించి కాకుండా ఒక రోగం గురించి మాట్లాడతానని అధ్యక్షుల వారిని అడిగినాను. సరేనన్నారు.

మన ఇంట్లో ఎవరైనా రెండు వారాలు దగ్గితే ఏమంటాం? "నూలు దుమ్ము, అదే పోతుంది" అంటాం. దుమ్ము వల్ల దగ్గు వచ్చేది నిజమే. కానీ ఆ మాట వెనకాల క్షయ రోగం దాక్కొని ఉంటుంది. టీబీ అంటాం, తమిళంలో కాసనోయి అంటారు. ఇరుకు ఇల్లు, గాలి ఆడని మగ్గం గది, ఒకే చోట నలుగురు పడుకునేది, ఇవన్నీ దానికి అనుకూలం.

ఈ రోగం శాపం కాదు, వంశంలో వచ్చేది కాదు, ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చేదని 1882 మార్చి 24న జర్మనీలో రాబర్ట్ కాఖ్ అనే శాస్త్రజ్ఞుడు చూపించినాడు. అందుకే ఆ తేదీని ప్రపంచ క్షయ దినం అంటారు. తరువాత ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు ఆవులకు వచ్చే క్షయ క్రిమిని తీసుకొని 13 ఏండ్లు ఓపికగా 230 సార్లు మార్చి మార్చి పెంచి, దాని బలం తగ్గించినారు. అదే బీసీజీ టీకా. 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చినారు. మన ఎడమ భుజం మీద ఉండే మచ్చ ఆ టీకాదే.

ఇక మన ఊళ్ల సంగతికి వస్తా.

ఆ టీకా ఇంగ్లాండులో బాగా పనిచేసింది, అమెరికాలో కొన్ని చోట్ల అంతగా చేయలేదు. మన దేశంలో ఎట్లా పనిచేస్తుందో తేల్చాలని 1968లో ఒక పెద్ద పరీక్ష మొదలుపెట్టినారు. ఎక్కడ? మన తిరువళ్లూరు చుట్టుపక్కల, రెండు వందలకు పైగా ఊళ్లలో. అప్పుడు మనది చెంగల్పట్టు జిల్లా, అందుకని ప్రపంచమంతా దాన్ని "చింగిల్‌పుట్ పరీక్ష" అని పిలుస్తుంది. 3 లక్షల 60 వేలకు పైగా జనం పేర్లు రాసుకున్నారు. అందులో సుమారు 2 లక్షల 80 వేల మందికి సూది వేసినారు. కొందరికి నిజమైన టీకా, కొందరికి మందు లేని సూది. ఎవరికి ఏది పడిందో సూది వేయించుకున్నవాళ్లకు తెలియదు. ఆ తరువాత 15 ఏండ్లు, రెండున్నర ఏండ్ల కొకసారి ఎక్స్‌రే తీసి, కఫం పరీక్ష చేసినారు.

ఫలితం ఏమి వచ్చింది? పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేదు. ఇది తేలినప్పుడు ప్రపంచమంతా నిరాశపడింది. కానీ అయ్యా, "లేదు" అని తేలడం కూడా పెద్ద విషయమే. చిన్న బిడ్డలకు మెదడుకు వచ్చే క్షయ, ఒళ్లంతా పాకే క్షయ రాకుండా టీకా కాపాడుతుందని వేరే పరిశోధనల్లో తేలింది కాబట్టి పుట్టిన బిడ్డకు ఇప్పటికీ వేస్తున్నారు, తప్పక వేయించాలి. కానీ పెద్దవాళ్లు భుజం మీద మచ్చను నమ్ముకొని ఊరుకోకూడదు. రోగాన్ని తొందరగా కనిపెట్టి మందు ఇవ్వడమే దారి. ఈ సంగతి ప్రపంచానికి నేర్పింది చేయి చాచి సూది వేయించుకున్న మన వైపు రైతులు, కూలీలు, నేతగాళ్లు. ఒక్కరి పేరూ పుస్తకంలో లేదు.

మందు విషయంలో కూడా దారి చూపింది మన మద్రాసే. పూర్వం క్షయ వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియానికి పోవాలి, నెలల తరబడి అక్కడే ఉండాలి. మగ్గం ఆగిపోతే ఇల్లు గడిచేదెట్లా? 1956లో మద్రాసు చేట్‌పేటలో క్షయ పరిశోధన కేంద్రం పెట్టినారు. ఇప్పుడు దాన్ని జాతీయ క్షయ పరిశోధన సంస్థ అంటారు. అక్కడ 193 మంది పేద రోగులను రెండు భాగాలు చేసి, సగం మందికి శానటోరియంలో, సగం మందికి ఇంట్లోనే మందు ఇచ్చినారు. ఇంట్లో ఉన్నవాళ్లకు చాలినంత తిండి లేదు, విశ్రాంతి లేదు, ఇల్లు ఇరుకు. అయినా వాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లోవాళ్లకు అంటేదీ ఎక్కువ కాలేదు. ఈ ఫలితం 1959లో వచ్చింది. ఈరోజు ప్రపంచంలో ఎక్కడైనా క్షయ రోగి ఇంట్లో ఉండి మందు తింటున్నాడంటే దాని వెనకాల మద్రాసు ఉంది.

పెద్దలకు పనిచేసే టీకా కోసం వెతుకులాట ఇంకా సాగుతోంది. తిరుత్తణి దగ్గర నెమిలిలో రైతు కుటుంబంలో పుట్టిన తెలుగువాడు కృష్ణ ఎల్ల గారు 1996లో హైదరాబాదులో భారత్ బయోటెక్ స్థాపించినారు. టైఫాయిడ్ టీకా, పిల్లల వాంతిభేదుల రోటావైరస్ టీకా, కోవిడ్ సమయంలో కోవాగ్జిన్ అక్కడి నుంచి వచ్చినవే. స్పెయిన్‌వాళ్లు తయారుచేసిన కొత్త క్షయ టీకాను 2024 నుంచి వారు మన దేశంలో పెద్దవాళ్ల మీద పరీక్షిస్తున్నారు. ఫలితం రావాలి. వచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటే, దాచకుండా ఉండడం.

ఎందుకు దాస్తారో నాకు తెలుసు. బయటపెడితే పావు ఇవ్వరేమో, పిల్లకు సంబంధం రాదేమో అని భయం. ఇంకొకటి కూడా చాలాసార్లు చూసినాను. రెండు నెలలు మందు తినగానే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, మనిషి మగ్గం ఎక్కుతాడు, మందు వదిలేస్తాడు. లోపల మిగిలిన క్రిమి మందుకు లొంగనిది అవుతుంది. అప్పుడు వైద్యం ఇంకా కష్టం. సగంలో కోసేసిన పడుగు చీర కాదు గదా. మామూలు క్షయకు ఆరు నెలల మందు ఆరు నెలలూ తినాల్సిందే.

అమ్మా, ఈ రోగం గాలి ద్వారా, దగ్గినప్పుడు వస్తుంది. రోగి నేసిన బట్ట వల్ల రాదు, పట్టుకున్న నూలు వల్ల రాదు. సరైన మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. గవర్నమెంటు ఆస్పత్రిలో పరీక్ష, మందు ఉచితం. తిండి కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చేవాళ్లు, 2024 నవంబరు నుంచి 1,000 చేసినారు, బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇంట్లోవాళ్లను కూడా పరీక్ష చేసి, అవసరమైతే ముందుజాగ్రత్త మందు ఇస్తారు.

చివరిగా ఈ సభ ముందు మూడు కోరికలు పెడుతున్నా. రెండు వారాలు దగ్గిన సభ్యుణ్ణి సొసైటీవాళ్లే తోడుపోయి పరీక్ష చేయించాలి. మందు తింటున్న నేతగానికి పావు ఆపకూడదు. అతను పని చేయలేని నెలల్లో సంక్షేమ నిధి నుంచి ఎంతో కొంత ఇవ్వాలి. ఈ మూడింటినీ తీర్మానంగా రాయాలని కార్యవర్గాన్ని చేతులు జోడించి అడుగుతున్నా.